పప్పు మానేసిన పహిల్వాన్

శరణప్ప పప్పు తినడం మానేసి అప్పటికి నెల దాటింది. పెరుగు కూడా మానేశాడు. ఎందుకు మానేశాడో ఇంట్లో ఎవరికీ చెప్పలేదు.

వాళ్లది ఆదోని కోట కింద గానుగ ఆడించే ఇల్లు. మెడలో లింగం కట్టుకునే కుటుంబం. ఆ ఇంటి పొయ్యి మీద నీసు ఉడికిన రోజు లేదు. తల్లి లేని శరణప్పను అవ్వ గురుబసమ్మే పెంచింది. గానుగ ఎద్దు వెంట తిరగాల్సిన పిల్లవాడికి కుస్తీ పిచ్చి ఎట్లా పట్టిందో ఆమెకు ఇప్పటికీ అంతుబట్టదు. మీసం రాకముందే వెళ్లి కుస్తీ నేర్పే చాంద్ పీరా ఉస్తాద్ తాలీంలో చేరిపోయాడు.

చాంద్ పీరా ఒకప్పుడు గోదాలో దిగితే చుట్టుపక్కల ఊళ్లు కదిలొచ్చేవి. ఇప్పుడు అరవై దాటినా రోజూ తెల్లవారుతూనే రెండు చేతులా బరువైన కొయ్య ముగ్దర్లు తిప్పుతాడు. మాట మాత్రం తక్కువ. శిష్యుడు పట్టు తప్పుగా వేస్తే తిట్టడు, చెప్పడు. వచ్చి వాడి మోచేతిని పట్టుకుని ఉండాల్సిన చోట ఉంచి, పోయి గట్టు మీద కూర్చుంటాడు.

ఆ తాలీంలో శరణప్పకు జోడీ మారెప్ప. ఇద్దరూ ఒకే ఈడువాళ్లు, మంచి స్నేహితులు. ఒకరోజు కుస్తీ అయ్యాక అందరూ సద్దిమూటలు విప్పుకుని కూర్చున్నారు. శరణప్ప మూటలో రొట్టె, గట్టి పప్పు, చిన్న గిన్నెలో పెరుగు ఉన్నాయి. మారెప్ప తొంగి చూసి నవ్వాడు.

"ఒరే పప్పు పహిల్వాన్! ఇది తిని నువ్వు ఎవర్ని పడేస్తావురా? పెండ్లిండ్లలో వడ్డన చేసుకో పో."

అందరూ నవ్వారు. శరణప్ప కూడా నవ్వాడు. కానీ ఆ పూట ఇంటికి పోయాక, అవ్వ గరిటెతో పప్పు తీసుకురాగానే కంచానికి చెయ్యి అడ్డం పెట్టాడు.

"నాకొద్దు."

"ఏమిరా, ఉప్పెక్కువయిందా?"

"వద్దంటి గదా అవ్వా."

ఆనాటి నుంచి రొట్టె, మిరపకారం. మళ్లీ పొద్దు గూకితే రొట్టె, మిరపకారం. కారంలో పౌరుషం ఉంటుందనుకున్నాడో ఏమో. గురుబసమ్మ తన వంటలో ఏదో లోపం వచ్చిందనుకుని ఒకరోజు ఇంగువ మార్చింది, ఇంకోరోజు చింతపండు తగ్గించింది. వాడు కంచం మీది చెయ్యి తీయలేదు. ఆమె వండిన పప్పు ఆమే ఒక్కతే తినేది.

రానురాను శరణప్ప ఒంట్లో ఏదో కారిపోతున్నట్టయింది. రొట్టెలు లెక్కలేకుండా తింటున్నా పట్టు నిలవదు. బస్కీలు తీస్తుంటే మోకాళ్లు వణుకుతాయి. గోదాలో గీరుకుపోయిన మోచిప్ప మీది పుండు మానకుండా అట్లే ఉండిపోయింది. ఇదివరకు మారెప్పతో సమానంగా నిలబడేవాడు ఇప్పుడు చెయ్యి కలపగానే పడిపోతున్నాడు. చివరికి మారెప్పకే జాలి కలిగింది.

"నిజంగా చెప్తాండా శరణా. ఇది నవ్వులాట కాదు. ఉరుసు కుస్తీలు దగ్గరికొచ్చె. పొట్టేలు కూర తినకుంటే నువ్వు లేచేది లేదు."

దర్గా ఉరుసులో కుస్తీ పట్టాలన్నది శరణప్పకు చిన్నప్పటి కోరిక. తాలీం తరఫున ఈసారి వాడి పేరు కూడా అనుకుంటున్నారు. వాడు రెండు రోజులు ఆ మాటే నెమరేసుకుంటూ తిరిగాడు. మూడో రోజు మధ్యాహ్నం నేరుగా ఉస్తాద్ ఇంటికి పోయాడు.

ఉస్తాద్ అప్పుడే భోజనానికి కూర్చున్నాడు. ఆయన భార్య హుస్సేన్ బీ కూర గిన్నె దించుతోంది. వాకిట్లో నిలబడ్డ శరణప్పను చూసి, "రా నాయనా, ఎండలో నిలబడినావేమి?" అంది.

శరణప్ప లోపలికొచ్చి తల వంచుకుని నిలబడ్డాడు.

"ఉస్తాద్, నాకు ఇంత కూర పెట్టించండి."

హుస్సేన్ బీ చేతిలో గరిటె ఆగిపోయింది. ఆమె ఎన్నోసార్లు వాడికి మంచినీళ్లిచ్చింది, అరటిపండ్లిచ్చింది. వండింది మాత్రం ఎప్పుడూ పెట్టలేదు. పెడితే ఆ పిల్లవాడి ఇంట్లో ఏమవుతుందో ఆమెకు తెలుసు. మొగుడి వైపు చూసింది.

"పెట్టు," అన్నాడు ఉస్తాద్.

కంచం ముందుకొచ్చింది. అన్నం మీద పొట్టేలు కూర పొగలు కక్కుతోంది. శరణప్ప కూర్చున్నాడు. చెయ్యి కంచం దాకా పోయింది. అక్కడ ఆగింది. ఇంకొక్క జానెడు కదిలితే చాలు. కదల్లేదు. వాడి కళ్లలో నీళ్లు తిరిగాయి. చూసేవాళ్లు కూర ఘాటు అనుకోవాలని ముక్కు తుడుచుకున్నాడు.

ఉస్తాద్ వాడి మెడ వైపు చూశాడు. లింగం లేదు.

"యాడ పెట్టినావు?"

శరణప్ప నడుముకు చుట్టుకున్న తువాలు కొంగు చూపించాడు. అక్కడ చిన్న ముడి ఉంది.

"ఇది తినాలని ఆశగా ఉందా?"

"లేదు ఉస్తాద్."

"ఆకలా?"

"లేదు."

"మరి?"

"బలం కావల్ల ఉస్తాద్. నేను ఉరుసులో నిలబడల్ల."

ఉస్తాద్ ఆ కంచాన్ని రెండు చేతులా ఎత్తి భార్యకు అందించాడు.

"ఇది పక్కింటి ఖాసింబీకి ఇచ్చిరా," అని శిష్యుడి వైపు తిరిగాడు. "నువ్వు ముందు అది మెడకు కట్టుకోరా."

శరణప్ప ముడి విప్పి లింగాన్ని మెడకు కట్టుకున్నాడు. అది అయ్యాక ఉస్తాద్ అడిగాడు.

"ఇంట్లో ఏం తింటాండావు?"

"రొట్టె."

"రొట్టెలోకి?"

"కారం."

"పప్పు?"

శరణప్ప నేల చూశాడు. ఉస్తాద్‌కు అంతా అర్థమైందో, సగమే అర్థమైందో ఆ ముఖం చూస్తే తెలియదు. ఆయన తన కంచాన్ని కూడా పక్కకు జరిపి లేచాడు.

"ఇంగ నేను కూడా వీడు తినేదే తింటా," అన్నాడు భార్యతో.

ఆమె నవ్వులాట అనుకుంది.

మరుసటి ఉదయం తాలీంలో కుస్తీ అయ్యాక శరణప్ప సద్దిమూట విప్పబోతే ఉస్తాద్ వచ్చి పక్కన కూర్చున్నాడు. చెయ్యి చాపాడు. శరణప్పకు ఏం చేయాలో తోచక రొట్టె సగం తుంచి, మీద ఇంత కారం వేసి ఇచ్చాడు. ఆయన నమిలి తిని, నీళ్లు తాగి, వెళ్లిపోయాడు.

అట్లా రోజూ. ఇంటి దగ్గర కూడా అంతే. ఉస్తాద్ భార్యను రొట్టె చేయమన్నాడు, కారం నూరమన్నాడు. ఇంకేమీ ముట్టలేదు. ఎందుకో ఎవరికీ చెప్పలేదు. తాలీంలో శిష్యులు ఏదో మొక్కు అనుకున్నారు. మారెప్ప మాత్రం శరణప్ప వైపు అనుమానంగా చూసేవాడు.

ఒకరోజు సంతలో హుస్సేన్ బీ ఎదురుపడింది. శరణప్ప చెయ్యి పట్టుకుని పక్కకు తీసుకుపోయింది.

"నీకేమన్నా తెలుసా నాయనా? ఇది రంజాన్ రోజాల నెల కాదు, ఏ వైద్యుడూ పత్యం చెప్పలే. ముసలి శరీరం. నిన్న కుండ ఎత్తబోయి గోడ పట్టుకున్నాడు. అడిగితే శరణప్పనడుగు అంటాడు."

శరణప్ప "నేను చెప్తానమ్మా," అన్నాడు. కానీ ఏం చెప్పాలో, ఎట్లా చెప్పాలో తెలియలేదు.

చెప్పాల్సిన అవసరం గోదా గట్టు మీదే వచ్చింది. ఆ తెల్లవారి ఉస్తాద్ ఎప్పటిలా ముగ్దర్లు తిప్పుతున్నాడు. కుడిచేతిది భుజం వెనక్కి పోయి, తిరిగి రావాల్సిన చోట రాలేదు. జారి మట్టిలో పడింది. శిష్యులంతా ఎక్కడివాళ్లక్కడ నిలబడిపోయారు. ఆ చేతిలోంచి ముగ్దర్ పడడం ఎవరూ చూడలేదు ఇంతవరకు.

ఉస్తాద్ కింద చూశాడు, చెయ్యి చూసుకున్నాడు, గట్టు మీద కూర్చుని ఊపిరి పీల్చుకున్నాడు. ముఖం పీక్కుపోయింది. మెడ దగ్గర చర్మం వదులైంది.

శరణప్ప ఆయన కాళ్ల దగ్గర కూలబడ్డాడు.

"చాలు ఉస్తాద్. మీరు ఇంటికి పోయి కడుపు నిండా తినండి. మీ కూర మీరు తినండి. నా తప్పుకు మీరెందుకు ఎండిపోవల్ల?"

"తప్పేముంది?"

"నేను పప్పు మానేసినా ఉస్తాద్. నవ్వినారని మానేసినా. పెరుగు కూడా."

మారెప్ప పక్కనే ఉన్నాడు. వాడి ముఖం మాడిపోయింది.

ఉస్తాద్ శరణప్ప తల మీది మట్టి దులిపాడు. "నీ కంచంలో ఏముంటే నా కంచంలో అదే," అన్నాడు. "నాకు ఏం పెడతావో నువ్వు చూసుకో."

శరణప్ప ఆ మాటతో లేచి ఇంటికి పరుగెత్తాడు.

గురుబసమ్మ వాకిట్లో కందులు చెరుగుతోంది. మనవడు వగరుస్తూ వచ్చి, "అవ్వా, పప్పు చెయ్యి. కుండెడు చెయ్యి," అన్నాడు. ఆమె ఎందుకని అడగలేదు. చేట కింద పెట్టి, కొంగుతో కళ్లు ఒత్తుకుని పొయ్యి ముట్టించింది.

కానీ వయసు తొందరపాటు ఒక పక్కనుంచి పోతే ఇంకో పక్కనుంచి వస్తుంది. మరుసటి ఉదయం శరణప్ప తాలీంకు తెచ్చింది ఒట్టి పప్పు. కుండ నిండా పప్పు. రొట్టె లేదు, అన్నం లేదు. బలమంతా అందులోనే ఉన్నప్పుడు రొట్టె దండగ అనుకున్నాడు. గురువు ఎండిపోయింది తొందరగా తీరాలి కదా.

ఉస్తాద్ కుండలోకి తొంగి చూశాడు. శరణప్ప ముఖం చూశాడు. ఇద్దరూ చెరో గిన్నె తాగారు. శరణప్ప ఇంకో గిన్నె పోశాడు. అదీ తాగారు.

మధ్యాహ్నానికి ఇద్దరి కడుపులూ ఉబ్బి డోలు మాదిరి అయ్యాయి. ఉస్తాద్ గట్టు మీద అటు కూర్చోలేక, ఇటు కూర్చోలేక, చివరికి కొత్త పిల్లలకు పట్టు నేర్పించే పని మారెప్పకు అప్పగించి చెట్టు కింద పడుకున్నాడు. ఆయన కడుపు చేసే చప్పుడు గోదాలోకి వినిపిస్తోంది. శిష్యులు నవ్వు ఆపుకోలేక మట్టిలో ముఖాలు దాచుకున్నారు. ఇట్లా ఇంకో రెండు పూటలు గడిచాయి. ఉస్తాద్ మాత్రం ఇచ్చిన గిన్నె వద్దనలేదు.

శరణప్ప సిగ్గుతో అవ్వ దగ్గర కూర్చుని జరిగిందంతా చెప్పుకున్నాడు. మారెప్ప నవ్వడం, పొట్టేలు కూర కంచం, తువాలు కొంగున కట్టిన లింగం, ఉస్తాద్ చేతిలోంచి పడిన ముగ్దర్, అన్నీ. లింగం మాట దగ్గర ఆమె చెయ్యి ఒకసారి వాడి మెడ తడిమింది. కోప్పడలేదు.

"ఆ సాయిబు ముసలాయన నీ కోసం కారం రొట్టె తింటాండాడా ఇన్నాళ్లూ?"

"అవునవ్వా."

"ఆ పిచ్చి తల్లి, ఆయన భార్య, ఎంత ఏడ్చిందో." తర్వాత అంది: "ఒట్టి రొట్టె తిని ఎండినావు. ఒట్టి పప్పు తాగి ఉబ్బినావు. బండికి ఒక ఎద్దునే కట్టి పోలేదని ఏడిస్తే ఎట్లరా? రొట్టెలో తక్కువైంది పప్పులో ఉంటాది. పప్పులో తక్కువైంది రొట్టెలో ఉంటాది. మీ తాత నూనె పీపాలు భుజాన మోసింది ఏం తిని అనుకుంటివి?"

మరుసటి రోజు ఆమే మూట కట్టింది. రెండు మూటలు కట్టింది. సద్ద రొట్టెలు, అలసంద పప్పు, గానుగ నువ్వులు వేయించి దంచిన పొడి, మూకుడులో పెరుగు. ఇంకో రోజు కొర్రన్నం, కందిపప్పు. ఇంకో రోజు ఉలవ గుగ్గిళ్లు, పైన వేయించిన చెనక్కాయలు, సాయంత్రానికి జొన్న సంగటి. "పెద్దాయన పండ్లకు గట్టిగా ఉంటాది, ఆయనకు మెత్తగా ఉడికించినా, నీ మూట కలపొద్దు," అని చెప్పి పంపేది.

ఉస్తాద్ మూట విప్పి వాసన చూసేవాడు. పప్పులో రొట్టె అద్దుకుని నెమ్మదిగా తినేవాడు. ఒకరోజు, "ఈ పొడి ఏమి?" అని అడిగాడు. నువ్వులని చెప్తే ఇంటికి కొంచెం పొట్లం కట్టించుకున్నాడు. తర్వాత హుస్సేన్ బీ స్వయంగా గురుబసమ్మ వాకిటికి వచ్చి ఆ పొడి ఎట్లా చేస్తారో అడిగి పోయింది. ఇద్దరాడవాళ్లూ గానుగ పక్కన కూర్చుని చాలాసేపు మాట్లాడుకున్నారు. ఏం మాట్లాడుకున్నారో శరణప్పకు తెలియదు. మధ్యలో ఒకసారి ఇద్దరూ గట్టిగా నవ్వడం మాత్రం వినిపించింది.

ఒకేసారి ఏమీ మారలేదు. ముందు మోచిప్ప మీది పుండు ఆరింది. తర్వాత బస్కీల్లో మోకాళ్ల వణుకు తగ్గింది. ఇంకొన్నాళ్లకు ఒక ఉదయం మారెప్ప పట్టు వేసి లాగితే శరణప్ప కదల్లేదు. మారెప్ప మళ్లీ లాగాడు. కదల్లేదు. ఇద్దరూ అట్లాగే ఒకరి మెడ మీద ఒకరు చెయ్యి వేసుకుని నిలబడిపోయారు.

"ఈ రోజు ఏం తెచ్చినావురా?" అన్నాడు మారెప్ప ఆ పట్టులోనే ఉండి.

"గుగ్గిళ్లు."

"నాకూ ఇంత పెట్టు."

గట్టు మీద ఉస్తాద్ ముగ్దర్లు తిప్పడం మొదలుపెట్టాడు. కుడిచెయ్యి వెనక్కి పోయింది, తిరిగి వచ్చింది. శరణప్ప దాన్ని చూసేటందుకు తల తిప్పాడు. అదే అదనుగా మారెప్ప వాణ్ని పడేశాడు.

ఉరుసు వచ్చింది. దర్గా కింది మైదానంలో గోదా తవ్వి ఎర్రమట్టి పోశారు. బళ్లారి నుంచి, రాయచూరు నుంచి, గుత్తి నుంచి పహిల్వాన్లు దిగారు. శరణప్పకు జోడీగా వచ్చింది గుత్తి తాలీం వాడు, మస్తాన్ అనే యువకుడు. శరణప్పకంటే ఒళ్లు, ఎత్తు రెండూ ఎక్కువ. వాడి లావు చూసి జనం ముందే ఈలలు వేశారు.

కుస్తీ మొదలైన చాలాసేపటి దాకా మస్తాన్‌దే పైచేయి. శరణప్ప మెడ మీద బరువంతా వేసి నేలకు వంచాడు. రెండుసార్లు వాణ్ని మోకాళ్ల మీదికి తెచ్చాడు. శరణప్ప మట్టిలో దొర్లి, బయటపడి, మళ్లీ లేచి నిలబడ్డాడు. ఇదివరకైతే ఈ సమయానికి ఒంట్లోంచి అంతా జారిపోయి ఉండేది. ఇప్పుడు ఊపిరి బరువైంది గానీ కాళ్లు తనవే అనిపించాయి. ఎదుటివాడి ఊపిరి తనకంటే బరువవడం వాడి చెవికి తెలిసింది. మస్తాన్ మళ్లీ మెడ కోసం చెయ్యి చాపాడు. శరణప్ప ఆ చెయ్యి కింద దూరి, వీపు తిప్పి, భుజం మీదుగా ఎత్తాడు.

మస్తాన్ వెన్ను మట్టికి తగిలిన చప్పుడు జనం కేకల్లో ఎవరికీ వినపడలేదు. శరణప్పకు వినిపించింది.

మారెప్ప ఎగిరి గోదాలోకి దూకాడు. ఎవరో తలపాగా చుట్టారు, ఎవరో భుజానెత్తుకున్నారు. శరణప్ప ఛాతీ నిండుగా ఊపిరి పీల్చుకున్నాడు. కొన్నాళ్లుగా వాడు ఒక మాట లోపల దాచుకుని ఉన్నాడు. గెలిస్తే అందరి ముందూ అనాల్సిన మాట. గానుగ పక్కన పడుకుని ఎన్నోసార్లు అనుకుని చూసుకున్న మాట. నీసు తినే ఇంత లావు పహిల్వాన్‌ను, జన్మలో నీసు ముట్టని నేను, ఒట్టి పప్పూ రొట్టే తిని ఎత్తి పడేసినా చూడండి, అని.

గుత్తి తాలీం పెద్దాయన జనాన్ని తోసుకుంటూ వచ్చాడు. పెద్దమనిషి, ఓడినందుకు చిన్నబోలేదు. శరణప్ప భుజాన్ని ఒత్తి చూశాడు, తొడను చరిచి చూశాడు. ఉస్తాద్ వైపు తిరిగి నవ్వాడు.

"చాంద్ పీరా, నిజం చెప్పు. ఏం తినిపించినావు వీనికి?"

చుట్టూ ఉన్నవాళ్లు చెవులు రిక్కించారు. శరణప్ప ముందుకు ఒక అడుగు వేసి నోరు తెరిచాడు. పక్కనే గోదా అంచున మస్తాన్ తల వంచుకుని కూర్చుని ఉన్నాడు. వాడూ వినడానికి తల ఎత్తాడు.

ఉస్తాద్ శిష్యుడి వీపు మీద చెయ్యి వేశాడు.

"నేను తినేదే," అన్నాడు.

శరణప్ప తెరిచిన నోరు మూసుకున్నాడు. తర్వాత తలపాగా తీసి, గోదా అంచుకు పోయి, మస్తాన్ పక్కన మోకాళ్ల మీద కూర్చుని, వాడి వీపుకంటిన ఎర్రమట్టి తుడవడం మొదలుపెట్టాడు.